స్పగెట్టి వంతెన, మూడు క్రెడిట్లు

స్పగెట్టి అంటే ఇటలీ వాళ్ళ సేమ్యా అనుకోవచ్చు. కాకపోతే జానెడు పొడవున చీపురు పుల్లలా తిన్నగా ఉంటుంది, ఉడికించకముందు కాస్త వంచితే చాలు విరుగుతుంది. అమెరికాలో వేసవి వస్తే కొందరు హైస్కూల్ పిల్లలు ఈ పుల్లల్ని జిగురుతో అతికించి వంతెనలు కడతారు. రెండు బల్లల మధ్య వంతెన పెట్టి, నడుమ బరువు వేలాడదీసి, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతారు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ఎక్కడో చిన్నగా 'టిక్' మంటుంది. మరుక్షణం రెండు వారాల కష్టం పుల్లలు పుల్లలుగా నేలమీద ఉంటుంది. ఎవరూ ఏడవరు. ఏ ముక్క ముందు విరిగిందో వెతకడంలో పడతారు.

ఈ వంతెనల పోటీకి పేరుపడ్డ కోర్సు జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీది. బాల్టిమోర్‌లోని ఆ యూనివర్సిటీ ఇంజనీరింగ్ విభాగం వైటింగ్ స్కూల్, హైస్కూల్ పిల్లల కోసం 'ఇంజనీరింగ్ ఇన్నోవేషన్' పేరుతో దీన్ని మొదలుపెట్టింది. తర్వాత ఆ పేరుకు ముందు 'ఎక్స్‌ప్లోర్' అనే మాట చేరింది. కాలేజీ పిల్లలకు చెప్పిన 'వాట్ ఈజ్ ఇంజనీరింగ్' అనే పరిచయ కోర్సు దీనికి మూలం. చేరాలంటే ఆల్జీబ్రా 2, ట్రిగనామెట్రీ, ల్యాబ్ ఉన్న ఒక సైన్స్ సబ్జెక్టు చదివి ఉండాలి. కోర్సులో ఏ గానీ బీ గానీ గ్రేడు తెచ్చుకుంటే జాన్స్ హాప్కిన్స్ వాళ్ళ 3 క్రెడిట్లు (డిగ్రీ కోసం కూడబెట్టాల్సిన చదువు కొలతలు) వస్తాయి. ఫీజు మాత్రం వేల డాలర్లలో ఉంటుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు ఇళ్ళలో, చలికాలం పూర్తి కాకముందే "ఈ సమ్మర్‌కి పిల్లాణ్ణి ఎందులో వేద్దాం" అన్న మాట మొదలవుతుంది. ఆ చర్చలో "కాలేజీ క్రెడిట్ కూడా ఇస్తారట" అని ఒకరు అనగానే సగం తేలిపోతుంది. ఆ మాటనే కాస్త విప్పి చూడాలి. క్రెడిట్ ఇచ్చే యూనివర్సిటీ ఒకటి, పుచ్చుకునే యూనివర్సిటీ ఇంకొకటి. ఇచ్చినవారి పేరు ఎంత పెద్దదైనా అది చెల్లుతుందో లేదో తేల్చేది పుచ్చుకునేవారే. ఇంజనీరింగ్‌లో ఇంకో మెలిక ఉంది. పుచ్చుకున్నాక దాన్ని ఏ గడిలో వేస్తారన్నదాన్ని బట్టి అది పనికొస్తుంది, లేదా కాగితం మీద ఉండిపోతుంది.

పుల్ల నేర్పే పాఠం

ముందు వంతెన సంగతి. ఈ కోర్సులో నిజంగా విలువైనది అక్కడే ఉంది.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు, రోడ్డు కలిసిన వంతెన చూసినవాళ్ళకు ట్రస్ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఉక్కు కడ్డీలు త్రిభుజాల వరసగా సాగిపోతాయి. నాలుగు పుల్లలతో కట్టిన చతురస్రాన్ని మూల పట్టుకుని నెడితే పక్కకు ఒరుగుతుంది. మూడు పుల్లల త్రిభుజం ఒరగదు, విరిగితే విరగాలి. స్పగెట్టి వంతెన కూడా అంతే, త్రిభుజాల కట్టడం. నడుమ బరువు వేలాడదీసినప్పుడు పై వరస పుల్లలు నొక్కుకుపోతాయి, కింది వరస పుల్లలు సాగదీతకు లోనవుతాయి. ఏటవాలు పుల్లల్లో కొన్ని ఇటు, కొన్ని అటు.

సాగదీతకు ఓర్చుకోవడం తేలిక లెక్క. ఒక పుల్ల ఎంత లాగితే తెగుతుందో, నాలుగు పుల్లలు దాదాపు దానికి నాలుగింతలు ఓర్చుకుంటాయి. పొడవుతో పనిలేదు. నొక్కుడు దగ్గరే తిరకాసు. సన్నటి పొడుగాటి పుల్లను రెండు కొసలా పట్టుకుని నొక్కితే అది నలిగి చావదు, విల్లులా వంగి మధ్యలో పుటుక్కుమంటుంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే స్విట్జర్లాండ్ గణితవేత్త దీనికి లెక్క కట్టాడు. పుల్ల పొడవు సగం చేస్తే అది ఓర్చుకునే బరువు నాలుగింతలవుతుంది. మందం రెండింతలు చేస్తే పదహారింతలు. అంటే పై వరసలో పొట్టిగా, లావుగా ఉండాలి. కింది వరసలో సన్నగా, పొడుగ్గా ఉన్నా ఫర్వాలేదు.

ఇక్కడ పిల్లలందరూ ఒకసారి బోల్తా పడే చోటు ఉంది. పై వరసకు నాలుగు పుల్లలు కట్టగా పెట్టి, రెండు కొసల్లో మాత్రం జిగురు వేస్తారు. కట్ట లావుగా ఉంది కదా అని ధీమా. నిజానికి మధ్యలో అతుకు లేనప్పుడు ఆ నాలుగూ ఎవరికి వారుగా వంగుతాయి. మొత్తం బలం ఒక పుల్లకు నాలుగింతలే. అవే నాలుగు పుల్లల్ని రెండు మీద రెండుగా పేర్చి, పొడవునా జిగురు పట్టించి ఒకే ముక్కగా చేస్తే, లెక్క ప్రకారం ఒక పుల్లకు ఇరవై ఇంతలు ఓర్చుకుంటాయి. అవే పుల్లలు, ఒక గీత జిగురు అదనం, తేడా ఐదు రెట్లు. ఈ ఇరవై ఎలా వచ్చిందో కాగితం మీద తేల్చడానికి పది నిమిషాలు చాలు. కానీ వంతెన విరిగాక ఆ పది నిమిషాలు కూర్చున్న పిల్ల దాన్ని మరిచిపోదు.

జిగురుకూ బరువు ఉంటుంది. ఎక్కడబడితే అక్కడ పూస్తే వంతెన తన బరువుకే కుంగుతుంది. చాలా వంతెనలు పుల్ల మధ్యలో కాక, పుల్లలు కలిసే అతుకుల దగ్గర విడిపోతాయి. ఆయిలర్ సూత్రంలో జిగురు ఆరడానికి పట్టే టైమ్ ఉండదు మరి. పుస్తకంలో లెక్క అంతా సరిగ్గా వచ్చి, ఆఖర్న ఆరని జిగురు వల్ల ఓడిపోవడం ఏమిటో పదహారేళ్ళకే తెలిసిపోవడం మంచిదే. (పచ్చి స్పగెట్టి పుల్లను రెండు కొసలు పట్టుకుని విరిస్తే దాదాపు ఎప్పుడూ రెండు ముక్కలు కాదు, మూడో నాలుగో అవుతుంది. ఎందుకన్నది పెద్ద పెద్ద ఫిజిక్స్ వాళ్ళను కూడా తికమక పెట్టింది. 2005లో ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కారణం తేల్చారు. మొదటి విరుపు తర్వాత పుల్లలో పాకే అల మిగతా చోట్ల వంపును ఇంకా పెంచి విరిచేస్తుందట. దానికి మరుసటి ఏడాది ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు సరదాగా ఇచ్చే బహుమతి) కూడా వచ్చింది.)

ఇంజనీరింగ్ అంటే ఏమిటో చేరకముందే రుచి చూపించడం ఈ కోర్సు ఉద్దేశం. ఆ పని చేస్తుంది. కంప్యూటర్ సైన్స్ తప్ప లోకంలో ఇంకో బ్రాంచి లేదనుకునే ఇంట్లో పుట్టిన పిల్లకు సివిల్, మెటీరియల్స్, కెమికల్ అనే మాటలు ఇక్కడ చేతికి తగులుతాయి. ఇది తనకు పడదని తెలుసుకుని వచ్చేసినా లాభమే. నాలుగేళ్ళ ఫీజుతో పోలిస్తే ఒక వేసవి చవక.

క్రెడిట్ పుట్టింది పింఛను లెక్కలోంచి

మరి ఆ 3 క్రెడిట్లు?

అమెరికాలో చదువును ఇలా గంటల్లో కొలిచే అలవాటు వెనక ఒక వింత ఉంది. 1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్ల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చి ఒక ఫౌండేషన్ పెట్టించాడు. పింఛను ఇవ్వాలంటే అసలు ఏది కాలేజీ, ఏది పేరు మార్చుకున్న హైస్కూల్ అన్నది తేలాలి. అందుకని పిల్లల్ని చేర్చుకునేటప్పుడు హైస్కూల్లో ఇన్ని 'యూనిట్లు' చదివి ఉండాలని అడిగేవే కాలేజీలు అని గీత గీశారు. ఒక యూనిట్ అంటే ఒక సబ్జెక్టు ఏడాదిలో 120 గంటలు. పింఛను ఆశకు దేశమంతా ఆ కొలతలోకి వచ్చేసింది. కాలేజీ క్రెడిట్ గంట కూడా ఆ కుదురులోదే.

ఇప్పటి లెక్కలో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు బయట రెండు గంటల చదువు. 3 క్రెడిట్ల కోర్సంటే క్లాసులో 45 గంటలు, ఇంటి దగ్గర 90 గంటలు. సమ్మర్‌లో దీన్నే కొన్ని వారాల్లోకి కుదిస్తారు కాబట్టి పిల్లలకు ఊపిరాడదు. బ్యాచిలర్ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి, ఇంజనీరింగ్‌లో చాలాచోట్ల 130 దగ్గరికి పోతుంది. 120లో 3 అంటే రెండున్నర శాతం. ఆ రెండున్నర శాతమైనా డిగ్రీలోంచి తగ్గుతుందా అన్నది అసలు ప్రశ్న.

ఏ గడిలో పడుతుంది?

ఇంజనీరింగ్ డిగ్రీ కాగితం చూస్తే అంతా గళ్ళే. అబెట్ అనే సంస్థ గుర్తింపు కావాలంటే లెక్కలు, సైన్స్ కలిపి కనీసం 30 క్రెడిట్లు, ఇంజనీరింగ్ సబ్జెక్టులు కనీసం 45 ఉండాలి. ఆపైన ఇంగ్లిష్, హ్యుమానిటీస్, డిపార్ట్‌మెంట్ కోర్సులు. ఇష్టమొచ్చింది తీసుకోగలిగిన ఫ్రీ ఎలెక్టివ్ గళ్ళు ఒకటో రెండో, కొన్ని బ్రాంచుల్లో అవీ ఉండవు. సైకాలజీ చదివేవాళ్ళ కాగితంలో ఖాళీ గళ్ళు బోలెడు, ఏ క్రెడిట్ తెచ్చినా ఎక్కడో ఒకచోట ఇమిడిపోతుంది. ఇంజనీరింగ్‌లో అలా కాదు.

హైస్కూల్లో సంపాదించిన 'ఇంజనీరింగ్ పరిచయం' క్రెడిట్‌ను చేరిన యూనివర్సిటీ ముందు పెడితే, వాళ్ళ దగ్గర అప్పటికే ఒక మొదటి సెమిస్టర్ పరిచయ కోర్సు ఉంటుంది. అందులో వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్, వాళ్ళ డ్రాయింగ్ పద్ధతి, టీమ్ ప్రాజెక్టు. బయటి కోర్సు దానితో సరిగ్గా తూగడం అరుదు. దాంతో "క్రెడిట్ ఇచ్చాం, ఎలెక్టివ్‌గా రాసుకున్నాం" అంటారు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే కోర్సులు, గ్రేడ్ల రికార్డులో, 3 అంకె కనబడుతుంది, చదవాల్సిన కోర్సుల్లో ఒక్కటీ తగ్గదు. చెల్లినట్టే చెల్లి చెల్లని నోటు ఇది. కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలైతే హైస్కూల్ పాసవడానికి వాడుకున్న కోర్సుకు, లేదా హైస్కూల్ బిల్డింగ్‌లో హైస్కూల్ టీచరే చెప్పిన కోర్సుకు మళ్ళీ కాలేజీ క్రెడిట్ ఇవ్వవు. ఒకే పనికి రెండు కూలీలా అన్నది వాళ్ళ వాదన.

పైగా ఇంజనీరింగ్ చదువు మెట్ల వరస. కాల్క్యులస్ 1 అయితేనే 2, ఆ తర్వాత 3, దాని మీద డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఇటు మెకానిక్స్ ఫిజిక్స్ అయితే స్టాటిక్స్, స్టాటిక్స్ అయితే మెటీరియల్స్ బలం, ఆపైన డిజైన్. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు దాకా ఈ వరస ఏడు ఎనిమిది సెమిస్టర్లు పడుతుంది. పక్క గళ్ళలో ఎన్ని క్రెడిట్లు నింపుకుని వచ్చినా మెట్లు మెట్లే. 40 క్రెడిట్లతో చేరి కూడా నాలుగేళ్ళూ చదివేవాళ్ళు ఇంజనీరింగ్‌లో ఎక్కువమంది ఉండడానికి కారణం ఇదే. వాళ్ళకు కలిసొచ్చేది టైమ్ కాదు, సెమిస్టర్‌కు ఒక సబ్జెక్టు తక్కువగా తీసుకుని ఊపిరి పీల్చుకునే వెసులుబాటు. అదీ తక్కువదేం కాదు.

కాబట్టి డిగ్రీని నిజంగా ముందుకు జరిపేవి మొదటి మెట్టు క్రెడిట్లు: కాల్క్యులస్, కాల్క్యులస్‌తో చెప్పే ఫిజిక్స్, కెమిస్ట్రీ. వీటిని తెచ్చుకునే పాత దారి ఏపీ పరీక్షలు. ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజ్ బోర్డు అనే సంస్థ 1950ల నుంచి నడుపుతోంది. మే నెలలో పరీక్ష, 5కి స్కోరు. అందులోనూ ఎవరి లెక్క వాళ్ళదే. 'కాల్క్యులస్ బీసీ' అనే ఏపీ పరీక్షలో 5 వస్తే ఎంఐటీ తన మొదటి కాల్క్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. క్యాల్‌టెక్ ఏపీ స్కోర్లకు క్రెడిట్ ఇవ్వదు, కావాలంటే తన పరీక్ష తను పెట్టుకుని ఏ మెట్టు మీద నిలబెట్టాలో చూసుకుంటుంది. ఒకే కాగితం, ఒక గుమ్మంలో చెల్లుతుంది, ఇంకో గుమ్మంలో చెల్లదు.

ఇంజనీరింగ్‌కు ఏపీ లాంటి ఒక ఉమ్మడి కొలత లేకపోవడమే ఈ గందరగోళానికి మూలం. ఆ లోటు పూడ్చాలని చూసినవాళ్ళు ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1997లో మొదలైన 'ప్రాజెక్ట్ లీడ్ ద వే' హైస్కూళ్ళలోనే ఇంజనీరింగ్ కోర్సులు పెట్టించి దేశమంతా పాకింది. రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ లాంటివి ఆ కోర్సులకు క్రెడిట్ ఇస్తూ వచ్చాయి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో మేరీలాండ్ యూనివర్సిటీ ముందుండి నడిపిన 'ఈ4యూఎస్ఏ' ఇంకో ప్రయత్నం. ఇవన్నీ ఒప్పందం కుదుర్చుకున్న కాలేజీల వరకే పక్కా.

టెక్సస్ నంబర్లు

ఒప్పందాలతో పనిలేకుండా రాష్ట్రమే పూచీ పడ్డ దారి డ్యుయల్ క్రెడిట్. హైస్కూల్లో ఉండగానే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో రెండేళ్ళ చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ) కోర్సు చదివితే అటూ ఇటూ లెక్కలోకి వస్తుంది. మిన్నెసోటా 1985లోనే ఇలాంటి చట్టం చేసింది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో దీని పని తీరు దగ్గరగా చూడదగ్గది. ఫ్రిస్కో, ప్లేనో వైపు పిల్లలకు కాలిన్ కాలేజీ పేరు ఇంట్లో మనిషి పేరంత అలవాటు.

టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీలన్నీ కోర్సులకు ఒకే నంబర్లు వాడతాయి. నాలుగంకెల్లో మొదటిది ఏ ఏడాది కోర్సో, రెండోది ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. మ్యాథ్ 2413 అంటే రెండో ఏటి స్థాయి, 4 క్రెడిట్లు, కాల్క్యులస్ 1. మ్యాథ్ 1314 అంటే కాలేజ్ ఆల్జీబ్రా, 3 క్రెడిట్లు. రెండూ లెక్కలే, రెండూ ట్రాన్స్‌క్రిప్ట్‌కు ఎక్కుతాయి. మొదటిది ఇంజనీరింగ్‌లో ఒక మెట్టు ఎక్కిస్తుంది. రెండోది ఇంజనీరింగ్ డిగ్రీ కాగితంలో ఏ గడిలోనూ పట్టదు, ఎందుకంటే అక్కడ మెట్లు కాల్క్యులస్ నుంచే మొదలవుతాయి. ఫిజిక్స్‌లోనూ అంతే. 1401 ఆల్జీబ్రాతో చెప్పేది, 2425 కాల్క్యులస్‌తో చెప్పేది. ఇంజనీరింగ్‌కు కావలసింది రెండోది. స్కూల్ కౌన్సిలర్ వందలమంది పిల్లల్ని చూసుకోవాలి కాబట్టి ఈ తేడా విడమరిచి చెప్పేంత తీరిక అన్నిసార్లూ దొరకదు. "ఫిజిక్స్ అయిపోయింది" అనుకుని చేరిన పిల్లవాడు మొదటి సెమిస్టర్‌లో మళ్ళీ ఫిజిక్స్ క్లాసులోనే తేలతాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలో ఏ డిగ్రీ చదివినా అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు, ప్రభుత్వ పాలన 6 క్రెడిట్లు తప్పనిసరి అని చట్టం. 42 క్రెడిట్ల కోర్ పాఠ్యక్రమాన్ని ప్రభుత్వ కాలేజీలన్నీ ఒకరిది ఒకరు ఒప్పుకోవాలన్నదీ నిబంధనే. అంటే ఇంజనీరింగ్ చదవాలనుకునే పిల్ల పదకొండో తరగతిలో తీసుకున్న హిస్టరీ కోర్సు ఆమె ఇంజనీరింగ్ డిగ్రీలో నూటికి నూరు పాళ్ళూ చెల్లుతుంది. వేల డాలర్లు పోసి చదివిన ఇంజనీరింగ్ పరిచయ కోర్సుకు ఆ హామీ లేదు. క్రెడిట్ కోసమే అయితే హిస్టరీ చదువుకోవడం మేలు. అదే పిల్ల రాష్ట్రం దాటి ఏ జార్జియా టెక్‌లోనో పర్డ్యూలోనో చేరితే ఈ పూచీ ఉండదు, మళ్ళీ గళ్ళ ఆట మొదలు.

టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పద్ధతి ఇంకో పేచీ పెడుతుంది. అక్కడ ఇంజనీరింగ్ వాళ్ళంతా మొదటి ఏడు 'జనరల్ ఇంజనీరింగ్'లోనే ఉంటారు. కోరుకున్న బ్రాంచి కోసం ఏడాది చివర్న పోటీ పడాలి, అందులో జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, ముఖ్యం. ఆ జీపీఏ అక్కడ చదివిన కోర్సులతో లెక్కేస్తారు. కాల్క్యులస్ క్రెడిట్ ముందే ఉన్నవాడు దాన్ని వాడుకుంటే సులువుగా ఏ గ్రేడు వచ్చే కోర్సు ఒకటి చేజారి, నేరుగా కష్టమైన తర్వాతి మెట్టు మీద పడతాడు. వాడుకోకపోతే చదివిందే చదవాలి. తెచ్చుకున్న క్రెడిట్‌ను పక్కన పెట్టి మళ్ళీ కూర్చునేవాళ్ళు అందుకే ఉంటారు. కష్టపడి కూడబెట్టి, ఖర్చు పెట్టకుండా దాచుకోవడం లాంటిదే ఇది.

డబ్బు విషయంలో మాత్రం డ్యుయల్ క్రెడిట్‌ను తీసిపారేయడానికి లేదు. హెచ్-4 వీసా (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు లైను కదలకపోతే 21 నిండేసరికి ఇంజనీరింగ్ మధ్యలో ఉండగానే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారాల్సి వస్తుంది. ఆ ఇళ్ళలో యూనివర్సిటీ రేటుకు కొనాల్సిన కోర్సు కమ్యూనిటీ కాలేజీ రేటుకు దొరకడం చిన్న విషయం కాదు. అక్కడ క్రెడిట్ అంటే అచ్చంగా డాలర్ల లెక్క, ఆ లెక్క నిజమైనదే.

క్రెడిట్ లేనివాటికే గిరాకీ

అడ్మిషన్ల మీద ఆశతో సమ్మర్ కోర్సులు వెతికేవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. ఎంఐటీ 1970ల నుంచి హైస్కూల్ పిల్లలకు నడుపుతున్న మైట్స్ అనే వేసవి కార్యక్రమంలో చదువుకు ఫీజు లేదు, కాలేజీ క్రెడిట్ లేదు. 1984లో మొదలైన, వేసవిలో పిల్లలతో పరిశోధన చేయించే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ కూడా అంతే, ఫీజు లేదు, క్రెడిట్ లేదు. ఈ రెండిట్లో సీటు దొరకడం మాత్రం గగనం. ఎంపిక గట్టిగా ఉన్నచోట క్రెడిట్ ఆశ చూపించే అవసరం రాదు. ఫీజు తీసుకుని క్రెడిట్ ఇచ్చే కోర్సులన్నీ దండగ అని దీని అర్థం కాదు. "క్రెడిట్ ఇస్తున్నారు కాబట్టి పెద్దది" అన్న లెక్క తప్పు, అంతే. యూనివర్సిటీ క్యాంపస్‌ను అద్దెకు తీసుకుని, "మీ అబ్బాయి ఎంపికయ్యాడు" అని బంగారు అక్షరాల ఉత్తరం పంపే బయటి కంపెనీల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉత్తరాన్ని అమెరికాలో చాలా తెలుగు ఇళ్ళలో ఫ్రిజ్ మీద అంటించి చూసుకున్నారు.

మన రాష్ట్రాల్లో ఈ బెడద ఇంకో రూపంలో కూడా లేదు, ఎందుకంటే ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకే గొడుగు కింద ఉంటారు. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడులో చేరతారు. మొదటి ఏడు మొత్తంగా చెల్లిపోతుంది, ఏ కోర్సుకు ఏ కోర్సు సమానం అని ఎవరూ విడివిడిగా తూచరు. 2008లో పెట్టిన ఆర్‌జీయూకేటీలో, అంటే జనం ట్రిపుల్ఐటీలు అని పిలిచే నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో, పది కాగానే చేరి రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్ ఒకేచోట చదువుతారు. ఇంటర్ చదివి బీటెక్ చేసినా రెండు ప్లస్ నాలుగే. డిప్లొమా దారిలో మూడు ప్లస్ మూడు. ఏ దారిన పోయినా పది నుంచి బీటెక్‌కు ఆరేళ్ళు. టైమ్ ఎవరికీ మిగలదు, పోయేదీ లేదు. ఆ భరోసాకు బదులుగా పదిహేనేళ్ళకే దారి ఎంచుకోవాలి. అమెరికా పద్ధతిలో భరోసా తక్కువ, ఒక వేసవి స్పగెట్టి పుల్లలతో గడిపి "ఇది నాకొద్దు" అని వెనక్కి తిరిగే వీలు ఎక్కువ.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఇంకొకటి. కాలేజీ క్రెడిట్ కోర్సులో వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డు అవుతుంది. పదహారేళ్ళప్పుడు కమ్యూనిటీ కాలేజీలో తెచ్చుకున్న సీ గ్రేడును తర్వాత ఎంఎస్‌కో మెడికల్ స్కూల్‌కో అప్లై చేసేటప్పుడు కూడా చూపించాలి. మెడికల్ స్కూళ్ళ ఉమ్మడి అప్లికేషన్‌లో హైస్కూల్ రోజుల కాలేజీ కోర్సులూ జీపీఏలోకి వస్తాయి. ఇంజనీరింగ్ అనుకుని మొదలుపెట్టి డాక్టరు వైపు తిరిగిన పిల్లలకు ఇది ఆలస్యంగా తెలిసి తలపట్టుకునే విషయం. ఇక్కడ హాప్కిన్స్ పద్ధతి కొంత నయం, ఏ, బీ వస్తేనే క్రెడిట్.

క్రెడిట్ చెల్లించుకోవాలనుకుంటే చేయాల్సిన పని కోర్సులో చేరకముందే మొదలవుతుంది. చేరాలనుకుంటున్న నాలుగైదు యూనివర్సిటీల వెబ్‌సైట్లలో ట్రాన్స్‌ఫర్ క్రెడిట్ జాబితా వెతికి, ఆ కోర్సు ఏ నంబరుకు సమానమని రాశారో చూడాలి. అసలు లేకపోతే, లేదా నంబరు బదులు 'ఎలెక్టివ్' అని ఉంటే, సంగతి అర్థమైనట్టే. తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చిన యూనివర్సిటీ నుంచే నేరుగా పంపించాలి, ఇంట్లో ప్రింట్ తీసినది పనికిరాదు. సిలబస్ దాచుకోవాలి. వారం వారం ఏం చెప్పారు, ఏ పుస్తకం, ఎన్ని గంటల ల్యాబ్ అన్నీ అందులో ఉంటాయి. "ఇది మా కోర్సుకు సమానం కాదు" అన్నప్పుడు డిపార్ట్‌మెంట్‌లో అప్పీలు చేసుకోవడానికి పనికొచ్చేది అదొక్కటే. కోర్సు అయిపోయిన కొన్నాళ్ళకు ఆన్‌లైన్ లాగిన్ మూసేయొచ్చు. రెండేళ్ళ తర్వాత కావాలంటే దొరక్కపోవచ్చు.

ల్యాబ్ రిపోర్టులు కూడా ఆ ఫోల్డర్‌లోనే పెట్టుకుంటే మంచిది. ముఖ్యంగా వంతెన ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో రాసిన పేజీ.